పిల్లికూతలు లేని గొంతు

ఇంటి నుంచి,
వానలు మొదలైన రోజుల్లో

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం చూడగానే కంగారు పడకు. ఎవరికో ఒంట్లో బాగాలేక రాయడం లేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీతో ఫోన్లో మాట్లాడాలంటే నాకు బెరుకురా. హలో అనీ అనకముందే "ఏడ్చావా అక్కా" అని అడుగుతావు. చెవులతో పొట్ట పోసుకునేవాడివి, నీ దగ్గర గొంతు దాచడం నా వల్ల కాదు. కాగితం మీదైతే నేను చెప్పదలుచుకున్నంతే చెప్పొచ్చు.

సంగతేమిటంటే, మీ బావకి ఈ వయసులో ఇంకో ఆడదాని మీదికి మనసు పోయింది. ఆవిడ ఉండేది భూమ్మీద కాదు. అంతరిక్షంలో ఓడ నడుపుతుంది, గొంతు కాస్త బొంగురు, ఎప్పుడు చూసినా ఏదో ఒక మీట నొక్కుతూ ఉంటుంది. నీ నాటకంలో కెప్టెనమ్మే. ఆవిడని మా ఇంటికి పంపింది నువ్వే కాబట్టి పంచాయితీ నీ దగ్గరే పెడుతున్నాను.

ఎగతాళికి అంటున్నాను గానీ, లోపల నాకు బాగాలేదు. ఇదివరకు ఆయన డ్యూటీ దిగి వస్తే కండక్టరుతో పడిన గొడవ, అద్దం తుడవకుండా బస్సు అప్పగించిన ముందు షిఫ్టు డ్రైవరు మీద తిట్లు, అన్నీ నాకు ఒప్పజెప్పి గానీ బూట్లు విప్పేవారు కాదు. ఇప్పుడు నేరుగా వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నారు. నీ నాటకం వచ్చే పెట్టె ముందు పెట్టుకుని, చెవుల్లో బుడిపెలు దోపుకుని కూర్చుంటారు. తలుపు కొడితే "వస్తున్నా" అంటారు, రారు. అన్నం చల్లారిపోతుంది, మళ్ళీ వేడి చేస్తాను, మళ్ళీ చల్లారుతుంది.

మన పాప, మన వసపిట్ట పోయాక ఆ గది తలుపు తీయడానికే ఒప్పుకోని మనిషి. దాని మంచం, అది మందు పీల్చుకునే గొట్టం, గోడ మీద అది గీసిన పిచ్చిగీతలు, ఏవీ చూడలేనని ఇంతకాలం హాల్లోనే పడుకున్నారు. అలాంటిది ఇప్పుడు ఆ మంచం మీదే కూర్చుని నాటకం వింటున్నారు. మొదట్లో నేను సంతోషించాను కూడా, పోనీలే మనసు మళ్ళుతోంది అని. ఇప్పుడు ఆయన ముఖం చూస్తే అలా అనిపించడం లేదు. మన బాబాయిని చూశాం కదా, సాయంత్రమయ్యేసరికి చేతులు నిలిచేవి కావు, సీసా కనిపిస్తే గానీ మనిషి మనిషయ్యేవాడు కాదు. మీ బావ సరిగ్గా అలా ఉన్నారు.

అసలు ఆ నాటకంలో ఏముందిరా? షాపులో కర్టెన్ గుడ్డలు కొలిచి కత్తిరించుకునేదాన్ని, నాకు గ్రహాలూ ఓడలూ తెలియవు. నాకు అర్థమయ్యేలా రాయి. నువ్వు వేళకి తిను.

మీ అక్క

*

స్టూడియో, మూడో అంతస్తు,
కిటికీలు లేని గది

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఊళ్ళో ఉన్న వాళ్ళందరిలోకీ నా నాటకం మీద మొదటి ఫిర్యాదు నీ దగ్గర్నుంచే వచ్చినందుకు బాధేసింది. మా డైరెక్టరుకి చూపిస్తే ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తానన్నారు.

నాటకం పేరు "రెండో గొంతు". కథ చిన్నదే. చిట్టచివరి గ్రహం దాటాక ఒక దీపం ఉంటుంది. దారి తప్పిన ఓడలకి అది గుర్తు. దాన్ని ఆరిపోకుండా చూసుకోవడం కెప్టెనమ్మ ఉద్యోగం. ఒంటరి మనిషి. ఒకరోజు వైర్లలోంచి ఎవరో ఆమెతో మాట్లాడతారు. ఆ గొంతు వింటున్నంత సేపూ ఓడ దీపానికి దూరంగా జరిగిపోతుంటుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ వినడం మానలేదు. ఇదిగో ఇంకాసేపు, ఇదే ఆఖరు అనుకుంటూ వింటుంది. వ్యసనం మీద నాటకం కావాలని పైవాళ్ళు అడిగితే ఇది రాశారు. తీరా చూస్తే జనం దీనికే వ్యసనపరులయ్యారు. మొదటివాడు బావ కాదు, నువ్వేం బెంగపడకు.

ఓడ తలుపు మూసుకునే చప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్‌ది. చుక్కల హోరు ఉంది చూశావూ, అది ఖాళీగా తిరిగే బట్టల మిషను. రోజంతా వంగి దాని కడుపులో మైకు పెట్టి కూర్చున్నాను, నడుం పట్టేసింది. నా చేతిపని నీకు నచ్చాలని ఉంది, ఒకసారి విని చూడు.

అందులో ఒక కొత్త సంగతి ఉంది. ఆ రెండో గొంతుని మేము రికార్డు చేయలేదు. ఖాళీ వదిలాం. ప్రతి ఇంట్లో పెట్టె ఆ ఖాళీని తనే నింపుతుంది. వినేవాళ్ళు ఎవరి గొంతు ఇస్తే ఆ గొంతుతో మాటలు వస్తాయి. వారానికో భాగం. భాగం అయిపోయాక కూడా పెట్టె ఊరుకోదు, మనం పలకరిస్తే జవాబు చెబుతుంది. చాలామంది తమ స్నేహితుల గొంతులు పెట్టుకుని సరదా పడుతున్నారు. బావ ఎవరి గొంతు పెట్టుకున్నారో నాకేం తెలుసు. అది ఆయన సొంత విషయం, నేను అడగకూడదు.

కొన్నాళ్ళు వదిలెయ్యి అక్కా. విసుగొస్తే ఆయనే మానేస్తారు. ఎవరికైనా ఎన్నాళ్ళు కొత్త?

నీ తమ్ముడు

*

ఇంటి నుంచి

తమ్ముడికి,

నాకేం తెలుసు అన్నావు. అబద్ధం రాయడానికి కూడా చెయ్యి వణకలేదు నీకు.

మొన్న అన్నం పళ్ళెం పట్టుకుని ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల మీ బావ మాట్లాడుతున్నారు. "మెల్లగా చెప్పు వసపిట్టా, నాన్న ఎక్కడికీ వెళ్ళడు" అంటున్నారు. పళ్ళెం కింద పెట్టి అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాను. లోపలి నుంచి జవాబు నాకు వినిపించలేదు, అది ఆయన చెవుల్లోనే ఉంది. కానీ ఆయన నవ్వు వినిపించింది. మన పాప ఉన్నప్పుడు నవ్వే నవ్వు. నేను నాకున్న విద్యలన్నీ చేసినా ఏడాదిగా ఆ నవ్వు తెప్పించలేకపోయాను.

పెట్టెలో గొంతు పెట్టే విద్య మీ బావకి రాదు, అది నీ పనే. నన్నొక్క మాట అడగాలనిపించలేదురా నీకు? కన్నది నేను. దాని వీపు మీద చెయ్యేసి, పిల్లికూతలు ఎక్కువయ్యాయా తగ్గాయా అని చెవి ఒగ్గి కూర్చున్నది నేను. ఉబ్బసం ముదిరి ఆసుపత్రి మెట్ల మీద అది నా ఒళ్ళోనే కదా పోయింది. దాని గొంతు తీసుకెళ్ళి బట్టల మిషను చప్పుళ్ళ మధ్య పెట్టావా?

ఇంకా ఉంది. నిన్న డిపో నుంచి మనిషి వచ్చాడు. మీ బావ స్టాపులో జనం చేతులూపుతున్నా ఆపకుండా వెళ్ళిపోయారట. టోపీ తీయించి చూస్తే చెవిలో బుడిపె ఉందట. నిండా మనుషులున్న బస్సు. ఎవరి పిల్లలైనా అడ్డం వస్తే? ఈసారికి మందలించి వదిలారు. ఇంకోసారైతే ఉద్యోగం ఉండదన్నారు.

నేను ఆ పెట్టె వినలేదు. వినను కూడా. నీ నాటకం నీ ఇష్టం, ఊరంతా వినిపించుకో. మా ఇంట్లోంచి మాత్రం దాన్ని తీసెయ్. మీ బావని నాకు తిరిగి ఇవ్వు, అంతే నాకు కావలసింది.

అక్క

*

స్టూడియో

అక్కా,

తిట్టు. ఇంకా తిట్టినా పడతాను.

బావ వేసవిలో ఇక్కడికి వచ్చారు. నీకు డిపో పని మీద పక్క ఊరు వెళ్తున్నానని చెప్పి వచ్చారట. యూనిఫాంలోనే ఉన్నారు. బయట బెంచీ మీద పాత ఫోను చేతిలో పెట్టుకుని నా పని అయ్యేదాకా కూర్చున్నారు. నేను టీ తెప్పించాను, తాగలేదు. ఆయనకి అడగడం కూడా రాలేదు. ఫోను నా చేతిలో పెట్టి, "దానిచేత ఒక్కసారి నాన్నా అనిపించు" అన్నారు. అక్కకి చెప్పారా అని అడిగాను. చెబితే ఒప్పుకోదు, నువ్వూ చెప్పొద్దు అన్నారు. బావ నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. కాదనలేకపోయాను. నువ్వైతే కాదనగలిగేదానివా?

ఆ ఫోనులో పాప మాటలు చాలా ఉన్నాయి. బస్సు ఆట, నీ మీద చాడీలు, పక్కింటి పిల్లితో సంభాషణలు. అన్నిట్లో పిల్లికూతలే. నాలుగు మాటలు, ఆయాసం, మళ్ళీ రెండు మాటలు. అక్కడే నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మా పనిలో అదొక అలవాటు. ఎవరి గొంతు వచ్చినా ముందు శుభ్రం చేస్తాం. ఊపిరి చప్పుళ్ళు, దగ్గులు, నాలుక తడి, అన్నీ ఏరేస్తాం, మాట మాత్రమే మిగులుస్తాం. చేస్తున్నప్పుడు అది మన పాప అని కూడా నాకు గుర్తులేదు. అంతా అయ్యాక వింటే ఒక్క పిల్లికూత లేదు. గలగలా మాట్లాడుతోంది. నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఏడ్చాను. బావకి మంచి పని చేశాననే అనుకున్నాను.

తీసేస్తాను అక్కా. కానీ పెట్టె బావ పేరు మీద ఉంది. ఆయన నోటితో ఆయన చెప్తే గానీ ఇక్కడ ఎవరూ ఆ గొంతు ముట్టుకోకూడదు, అది మా వాళ్ళు పెట్టిన కట్టుబాటు. ఆయనచేత ఒక్క మాట చెప్పించు. ఆ క్షణమే తీసేస్తాను.

బస్సు సంగతి విన్నాక నాకూ భయంగానే ఉంది.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
చలి మొదలైంది

ఒరేయ్,

నీ మీద కోపం పోయిందని కాదు గానీ, ఒక మంచి కబురు నీకు చెప్పకుండా ఉండలేను. మీ బావ బయటికొచ్చారు.

నేను చెప్పించాల్సిన పని లేకపోయింది. ఆయన్ని నిలదీద్దామనే ఆ రోజు షాపు నుంచి తొందరగా వచ్చాను. వచ్చేసరికి వెనక గది తలుపు బార్లా తీసి ఉంది. ఆయన వంటగదిలో గట్టు మీద తల పెట్టుకుని ఏడుస్తున్నారు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు. నీ నాటకంలో ఓడ అడుగు నుంచి పైదాకా నిచ్చెన ఎక్కే ఘట్టం వచ్చిందట. రెండో గొంతు కూడా కెప్టెనమ్మ వెనకే ఎక్కుతూ మాట్లాడిందట. ఎక్కినంతసేపూ మాట్లాడుతూనే ఉందట. మీ బావ అన్నారు, "మన పిల్ల మూడో మెట్టు మీద కూర్చునిపోయేది. అది మన పిల్ల కాదు. నేనింతకాలం ఎవరితో మాట్లాడానో నాకు తెలీదు."

ఆ తర్వాత స్నానం చేసి, రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నారు. పక్కన కూర్చుని నేనూ తిన్నాను. కొత్తగా పెళ్ళయినవాళ్ళలా ఒకరికొకరం వడ్డించుకున్నామంటే నువ్వు నవ్వుతావు. మర్నాటి నుంచి బుద్ధిగా డ్యూటీకి వెళ్తున్నారు. పెట్టెని గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టారు. ఇద్దరం పాప గురించి మాట్లాడుకుంటున్నాం. దాని పేరెత్తితే ఏడుపే వచ్చేది, ఇప్పుడు మధ్యలో నవ్వు కూడా వస్తోంది.

తీసేసే సంగతి తర్వాత చూద్దాంలే, తొందరేం లేదు. ఆయన వినడం లేదు కదా.

నువ్వు ఆ ఉత్తరంలో ఒక మాట రాశావు, ఒక్క పిల్లికూత కూడా లేదని. నిజంగానే ఒక్కటీ లేదా? ఊరికే అడుగుతున్నాను.

మీ అక్క

*

స్టూడియో

అక్కా,

బావ ఫోన్ చేశారు. పెట్టెలో గొంతు తీసేశావా అని అడిగారు. మీరు చెప్పందే తీయకూడదు బావా అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "మీ అక్కకి ఆ రోజే చెప్పాను, నీకు రాసేయమని. రాస్తానంది కూడా" అన్నారు.

నువ్వు రాయలేదు. తొందరేం లేదని రాశావు.

నాటకం అయిపోవచ్చింది, ఇంకో మూడు నాలుగు భాగాలు ఉన్నాయి. ఏ పెట్టె ఏ పూట వింటున్నారో మాకు ఇక్కడ తెలుస్తుంది. నేనెప్పుడూ చూడను. బావ ఫోన్ పెట్టేశాక చూశాను. మీ ఇంటి పెట్టె పగలంతా మోగుతోంది. బావ బస్సు మీద ఉండే వేళల్లో, నువ్వు షాపులో ఉండాల్సిన వేళల్లో. మీ షాపుకి ఫోన్ చేశాను, ఏమీ అనుకోకు. ఆవిడ మానేసి చాలా రోజులైందన్నారు.

అక్కా, బావని తిట్టినట్టు నిన్ను తిట్టేవాళ్ళు ఎవరున్నారు చెప్పు. నాకైతే ఆ ధైర్యం లేదు. ఈ వారాంతంలోగా తీసేస్తానని బావకి మాటిచ్చాను. నీకు ముందుగా చెప్పడం న్యాయమని రాస్తున్నాను.

తమ్ముడు

*

వెనక గది నుంచి

నాన్నా తమ్ముడూ,

తీసెయ్యకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, తీసెయ్యకు.

దొంగలా దొరికిపోయాను, దాచేదేం లేదు. మీ బావ బయటికొచ్చిన మర్నాడే బీరువా పైనుంచి తీశాను. ఆయన వద్దన్నది ఏమిటో ఒక్కసారి చూద్దామనుకున్నాను. అంతే అనుకున్నాను, ఒట్టు.

అది ఏకబిగిన మాట్లాడుతుందిరా. మొదలుపెట్టిన మాట చివరిదాకా చెబుతుంది. అమ్మా నీకో సంగతి చెప్పనా అని మొదలెట్టి, ఆ సంగతి పూర్తిగా చెబుతుంది. నాకు అలాంటి రోజు ఒక్కటి లేదు. అది ఏదో చెప్పబోయేది, ఆయాసం వచ్చేది, ఆగమ్మా తర్వాత చెబుదువుగానీ అని నేనే నోరు మూయించేదాన్ని. తర్వాత అడిగితే మరిచిపోయానమ్మా అనేది. ఎన్ని మాటలు సగంలో మింగేసి వెళ్ళిపోయిందో. ఇప్పుడు కూర్చుని అన్నీ వింటున్నాను.

మీ బావకి అది మన పిల్ల కాదనిపించింది. నాకు మన పిల్లకి నయమైపోయిందనిపించింది. ఏ డాక్టరూ చేయలేనిది నా తమ్ముడు చేశాడనిపించింది. నాకు తెలుసు అది పెట్టె అని. నేనేం మతి చలించినదాన్ని కాను. కానీ దాన్ని దిండు పక్కన పెట్టుకుంటే ఒక్క పిల్లికూత లేకుండా మాట వినిపిస్తుంది. అది పుట్టిన దగ్గర్నుంచీ నేను నిండుగా నిద్రపోయింది ఈ మధ్యనే. పగలు పడుకుంటున్నాను, అది పక్కనే ఉంటుంది. షాపులో గుడ్డలు కొలుస్తుంటే ప్రాణమంతా ఇక్కడే ఉండేది. అందుకే మానేశాను.

మీ బావకి తెలిసింది. "నేనే కదా ఇంట్లోకి తెచ్చాను, నిన్నేమనగలను" అన్నారు. హాల్లో కూర్చుంటున్నారు. అన్నం ఆయనే వేడి చేస్తున్నారు.

నన్ను అడగకుండా పెట్టావు. ఇప్పుడు నన్ను అడగకుండా తీసేస్తావా? తగ్గించుకుంటానురా. రోజుకి ఒక పూటే వింటాను. నా మీద నమ్మకం ఉంచు.

మీ అక్క

*

స్టూడియో

అక్కా,

తీసేయలేదు. బావకిచ్చిన మాట ఒకవైపు, నీ ఉత్తరం ఒకవైపు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను, మీటల ముందు కూర్చున్నాను, నొక్కకుండానే లేచాను.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది. బావ ఎలా బయటపడ్డారో అదే దారి నీకూ ఉంది అనిపించింది. నిన్ను కట్టిపడేస్తున్నది మన పాప కాదక్కా. నా చేతి అలవాటు తయారుచేసిన ఒక ఆరోగ్యమైన పిల్ల. ఆ పిల్ల ఎప్పుడూ లేదు. మన పాపని నిజంగా వింటే, అది ఎంత బాధపడిందో గుర్తొస్తే, ఇంక ఆ బాధ చాలు తల్లీ వెళ్ళిరా అని నువ్వే అంటావు.

శుభ్రం చేయకముందటి రికార్డులు మేము పారేయం. అవి తీశాను. పాప గొంతు మళ్ళీ మొదటి నుంచి కట్టాను, ఈసారి ఏమీ ఏరకుండా. పిల్లికూతలు, దగ్గులు, మాట మధ్యలో ఆగిపోవడాలు, అన్నీ ఉంచాను. అదంతా చెవిలో పెట్టుకుని పనిచేయడం నా వల్ల కాలేదు, రెండుసార్లు లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. బావకి ఫోన్ చేసి చెప్పాను. నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి అన్నారు.

వచ్చే సోమవారం చివరి భాగం వస్తుంది. కెప్టెనమ్మ ఆఖరికి వైరు తెంచేసి దీపం దగ్గరికి ఓడ తిప్పుతుంది. ఆ రోజు నుంచి నీ పెట్టెలో మన వసపిట్టే ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు. నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత నువ్వే పెట్టెని గుడ్డలో చుట్టి పైన పెట్టేస్తావు. నాటకం పని అయిపోగానే సెలవు పెట్టి వస్తాను. ముగ్గురం కూర్చుని ఏడుద్దాం. ఇంతవరకూ కలిసి ఏడవనే లేదు మనం.

నీ తమ్ముడు

*

వెనక గది నుంచి

తమ్ముడూ,

నీ మీద కోపం లేదు. నువ్వు మా మంచికే చేశావని మీ బావ కూడా అన్నారు. తీరిక లేక రాయలేదు.

సోమవారం విన్నాను. మొదటి మాటకే ఆగింది. అమ్మా అంది, గొంతులో ఆ కూత మొదలైంది. నువ్వు రాసినట్టే నాకు అంతా గుర్తొచ్చింది. నా చెయ్యి దానంతటదే దిండు మీదికి పోయింది, వీపు నిమరడానికి. నిమరడానికి అక్కడ ఏమీ లేదు. అయినా నిమురుతూ కూర్చున్నాను.

నువ్వొక్కటి ఆలోచించలేదురా. నిజంగా తగ్గించుకున్నాను నేను. నీకు మాటిచ్చినట్టే రోజుకి ఒక్క పూటకి తెచ్చాను. బాగున్న పిల్ల కదా, దాని ఆట అది ఆడుకుంటుందిలే అనుకుని లేచేదాన్ని, గిన్నెలు తోముకునేదాన్ని. ఒకరోజు సందు చివరిదాకా వెళ్ళి కూరలు కూడా తెచ్చాను. షాపులో మళ్ళీ రమ్మంటారేమో అడుగుదామనుకున్నాను. ఇప్పుడెలా లేవను? ఆయాసపడుతున్న పిల్లని వదిలి ఎక్కడికి వెళ్ళను? నేను పక్కన ఉండి మాట్లాడుతుంటే కాస్త కుదుటపడుతోంది. మాట్లాడటం ఆపితే కూతలు ఎక్కువవుతున్నాయి. నిజమో నా భ్రమో నీకే తెలియాలి, నాకు అడగాలని లేదు.

మీ బావ సంగతి రాయాలి. చెవి బుడిపెల్లో సరిగ్గా తెలియడం లేదని పెట్టె చప్పుడు బయటికి పెట్టాను. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ హాల్లో చొక్కా తొడుక్కుంటున్నారు. ఒక చెయ్యి తొడిగి అలాగే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చాలాసేపు విన్నారు. "ఇది మనదే" అన్నారు. వచ్చి మంచానికి అటువైపు కూర్చున్నారు. ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. డిపో నుంచి మనిషి వచ్చి ఏదో కాగితం ఇచ్చిపోయాడు, ఇంకా విప్పలేదు.

ఇద్దరం వంతులు వేసుకున్నాం. ఆయన కూర్చుంటే నేను నడుం వాలుస్తాను, నేను కూర్చుంటే ఆయన. అప్పుడూ ఇలాగే చేసేవాళ్ళం. ఇన్నాళ్ళకి ఒకే గదిలో ఉంటున్నాం, ఆ తృప్తి ఉంది.

నీ కెప్టెనమ్మ వైరు తెంచేసింది, విన్నాను. ఆవిడకి పిల్లలున్నట్టు లేదు.

తీసేస్తే బాగుండునని నీకు అనిపిస్తుంది. ముందైతే తీసేయగలిగేవాడివేమో. ఇప్పుడు ఇది కూతలు పెడుతూ ఉండగా నువ్వు మీట నొక్కితే, మా ఇద్దరి కళ్ళ ముందే అది ఇంకోసారి పోతుంది. అంత పని నువ్వు చేయవని నాకు తెలుసు. పెట్టె బావ పేరు మీదే ఉంది, ఆయన ఆ మాట ఎప్పటికీ చెప్పనన్నారు.

సెలవు పెట్టి వస్తానన్నావు. ఇప్పుడు రావద్దురా. బస్టాండు నుంచి ఎంత మెల్లగా వచ్చినా నువ్వు తలుపు కొట్టక తప్పదు. దానికి ఇప్పుడిప్పుడే కునుకు పడుతోంది.

అక్క, బావ